రెండుసార్లు మార్చిన క్రాస్ మళ్లీ ఎందుకు అరిగింది?

ప్రశ్న: నా దగ్గర కమాన్ కట్టలున్న పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉంది. రాళ్ల దారుల్లో కింద తగులుతోందని వెనక కట్టలకు ఒక పట్టీ అదనంగా వేయించి, కట్ట కొసను ఫ్రేముకు కలిపే షాకిళ్లను పొడుగువి పెట్టించి మూడంగుళాలు ఎత్తు చేయించాను. అప్పటి నుంచి 70, 80 కిలోమీటర్ల వేగంలో సీటు కింద గుయ్యిమని వణుకు. యాక్సిలరేటర్ తొక్కితే పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. వెనక ఇరుసును తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి, కొసల్లో వంగే జాయింట్లలో ఉండే క్రాస్‌లు ఏడాదిలో రెండుసార్లు మార్చారు. షాఫ్ట్ బ్యాలెన్సింగ్ కూడా చేయించాను. ఇప్పుడు రివర్స్ గేరు వేస్తే టక్కుమంటోంది. ఈసారి నేనే మార్చుకుందామనుకుంటున్నాను. అసలు లోపం ఎక్కడుంది? వచ్చే నెల అడవి దారిలో ప్రయాణం పెట్టుకున్నాం. అప్పటిదాకా ఇలాగే నడపొచ్చా?

సమాధానం: చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. నడపకండి. గేరు మార్చినప్పుడు టక్కుమంటోందంటే ఆ షాఫ్ట్ దారిలో ఎక్కడో లూజు వచ్చింది. మీ విషయంలో మొదటి అనుమానం క్రాస్ మీదే. అది పూర్తిగా ఊడితే షాఫ్ట్ కొస జారి, తిరుగుతూనే బ్రేకు పైపులకో ఇంధనం ట్యాంకుకో కొట్టుకుంటుంది. ముందు కొస ఊడి నేలకు గుచ్చుకుంటే బండి అదుపు తప్పుతుంది. దగ్గర్లో గ్యారేజీకి తీసుకెళ్లాలన్నా నెమ్మదిగా వెళ్లండి.

ఇక అసలు సంగతి. ఏడాదిలో రెండు జతల క్రాస్‌లు తిన్న బండికి మూడో జత వేసినా తింటుంది. మీ ఉత్తరంలో ‘ఎత్తు చేయించాను, అప్పటి నుంచి’ అన్న ముక్క దగ్గరే నా కళ్లు ఆగిపోయాయి. వణుకు యాక్సిలరేటర్‌తో పాటు పెరిగి తగ్గుతోందన్నారు. నాకు అది ఇంకా గట్టి ఆధారం. షాఫ్ట్ బ్యాలెన్స్ తప్పితే వణుకు వేగాన్ని బట్టి పెరుగుతుంది, పెడల్ తొక్కినా వదిలినా దానికి పెద్దగా తేడా ఉండదు. పెడల్‌కి స్పందించే వణుకు చాలాసార్లు జాయింటు కోణాల నుంచి వస్తుంది. అందుకే బ్యాలెన్సింగ్ చేయించినా మీకు ఫలితం కనపడలేదని నా అభిప్రాయం.

అయినా ఊహ మీద పని మొదలుపెట్టొద్దు. ముందు టైర్లను పక్కన పెట్టేద్దాం. టైరు చుట్టుకొలత 2.3 మీటర్లు, వెనక ఇరుసు మధ్యలో ఉండే గేర్ల డబ్బా, అంటే డిఫరెన్షియల్ నిష్పత్తి 4.1 (చక్రం ఒక చుట్టుకు షాఫ్ట్ 4.1 చుట్లు) అనుకోండి. 80 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి దాదాపు 580 చుట్లు తిరిగితే, షాఫ్ట్ 2,400 చుట్ల దాకా తిరుగుతుంది. అంటే చక్రం వణుకు సెకనుకు పది కంటే తక్కువ, ఊగినట్టు ఉంటుంది. షాఫ్ట్ బ్యాలెన్స్ తప్పితే సెకనుకు నలభై. కోణం తేడా అయితే చుట్టుకు రెండు చొప్పున ఎనభై. దాన్ని కుదుపు అనడానికి లేదు, తుమ్మెద రొదలా గుయ్యిమని నేలలోంచి, గేరు రాడ్‌లోంచి వస్తుంది. మీరు రాసిన మాట కూడా ‘గుయ్యి’ అనే. ఇక స్టీరింగ్ చేతిలో ఊగుతుంటే ముందు చక్రాల వైపు చూడాలి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఒకసారి బురద గుంటలు దాటి వచ్చిన మర్నాడు నా బండి విపరీతంగా వణికింది. షాఫ్ట్ విప్పడానికి సిద్ధమై కింద పడుకుంటే, వెనక చక్రం రిమ్ము లోపలి వైపు పిడికెడు బురద ఎండి అట్టకట్టి కనిపించింది. గీకేసి కడిగాక వణుకు పోయింది. షాఫ్ట్ గొట్టానికి అంటుకున్న మట్టి, ఊడిపోయిన బ్యాలెన్స్ బిళ్ల, రాయి తగిలి పడిన సొట్ట కూడా ఇలాంటివే. ముందు కడగండి, తర్వాత చూడండి.

కింద దూరేముందు బండిని చదునైన నేల మీద పెట్టి, నాలుగు చక్రాలకూ రెండు వైపులా గట్టి చెక్కలు అడ్డుపెట్టండి. ఆ తర్వాతే గేరు న్యూట్రల్‌లోకి తీయండి. హ్యాండ్ బ్రేకు ఉంది కదా అనుకోవద్దు. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ లాంటి కొన్ని బళ్లలో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, ముందు, వెనక షాఫ్ట్‌లకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక ఉన్న డ్రమ్మును పట్టుకుంటుంది. అలాంటి బండికి వెనక షాఫ్ట్ విప్పితే వెనక చక్రాలను పట్టి ఉంచేది ఏదీ ఉండదు. గేరులో వదిలేసినా అంతే.

జాయింటుకు అటు ఒక చెయ్యి, ఇటు ఒక చెయ్యి వేసి ఎదురెదురు దిక్కులకు మెలిపెట్టండి. తర్వాత పైకీ కిందికీ, పక్కలకూ కదపండి. షాఫ్టూ యోకూ (క్రాస్‌ను పట్టి ఉంచే రెండు చెవుల ముక్క) కలిసి కదిలితే అది డిఫరెన్షియల్ పళ్ల మధ్య ఉండే మామూలు ఖాళీ. రెండింటి మధ్య కొంచెం కదలిక వేలికి తెలిసినా ఆ క్రాస్ పని అయిపోయినట్టే. క్రాస్ నాలుగు కాళ్లకూ తొడిగిన కప్పుల అంచున ఇటుక పొడిలా ఎర్రటి దుమ్ము కనిపిస్తే లోపల గ్రీజు పోయి తుప్పు నూరుకుంటోంది. అదే చేత్తో షాఫ్ట్ పొడవు సర్దుకునేలా జారే స్లిప్ యోక్ పళ్ల లూజు, డిఫరెన్షియల్‌లో షాఫ్ట్ తిప్పే పినియన్ గేరు ఫ్లాంజ్, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక బేరింగు, గేరు బాక్సు కింద రబ్బరు మౌంటు, కట్టల యూ బోల్టులు కూడా కదిపి చూడండి. పినియన్‌లో పక్కలకు ఆట ఉంటే ముందు దాని పని చూడాలి. అది వదిలేసి కొత్త క్రాస్ వేయడం దండగ.

షాఫ్ట్ మీద ఉండగా బాగానే ఉన్నట్టు కనిపించే క్రాస్ కూడా విప్పాక అసలు రంగు బయటపెడుతుంది. షాఫ్ట్ దించి, జాయింటును చేత్తో అన్ని వైపులకూ వంచి చూడండి. మెత్తగా, ఒకే బిగువుతో వంగాలి. నడిమధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే అది లోపల దెబ్బతింది. కప్పు తీశాక ఆ క్రాస్ కాలును శుభ్రంగా తుడిచి, గోటితో అడ్డంగా గీరండి. కప్పు లోపల బేరింగుగా ఉండే సూదులు ఒక్కొక్కటీ నొక్కుకుపోయి పడ్డ సన్నటి గాడులు వరసగా గోటికి తగులుతాయి. ఎక్కువ బరువు పడినా, కోణం ఎక్కువైనా ఇలాంటి గాడులు పడతాయి. కాలు కొస మాత్రమే రాసుకుని చిదిగిపోయి ఉంటే కోణం మీద, గ్రీజు లోటు మీద అనుమానం పెట్టుకోండి. మొత్తం తుప్పురంగుకి తిరిగితే నీళ్లు దిగాయి. పాత క్రాస్‌లను పారేయకండి. మెకానిక్ దగ్గర ఇంకా ఉంటే అడిగి తెప్పించుకుని చూడండి. మీ బండి ఏడాదిగా చెబుతున్నదంతా వాటి మీద ఉంటుంది.

కోణం అంత పని ఎందుకు చేస్తుందో చెబుతాను. ఈ జాయింటుకు హుక్ జాయింట్ అని కూడా పేరు, 17వ శతాబ్దపు ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరది. ఇది వంగి తిరిగేటప్పుడు అవతలి కొస సమంగా తిరగదు. ఇవతల షాఫ్ట్ ఒకే వేగంతో తిరుగుతున్నా, అవతలిది ప్రతి చుట్టులో రెండుసార్లు ముందుకు ఉరికి, రెండుసార్లు వెనకబడుతుంది. 10 డిగ్రీల వంపులో ఈ తేడా ఒకటిన్నర శాతం. 20 డిగ్రీలకు వెళ్తే ఆరు శాతం దాటుతుంది. వంపు రెండింతలైతే తేడా నాలుగింతలు. మూడంగుళాల లిఫ్ట్‌ను తేలిగ్గా తీసుకోకూడదనేది ఇందుకే.

అయితే షాఫ్ట్‌కి రెండు కొసల్లోనూ జాయింట్లుంటాయి. ముందుది చేసిన తప్పును వెనకది సరిదిద్దుతుంది. దానికి రెండు షరతులు. రెండు జాయింట్ల వంపూ సమానంగా ఉండాలి. షాఫ్ట్ రెండు కొసల యోకుల చెవులూ ఒకే వరసలో ఉండాలి.

రెండో షరతును ఇవాళే చూడండి, పైసా ఖర్చు లేదు. క్రాస్ మార్చేటప్పుడు స్లిప్ యోక్‌ను షాఫ్ట్ నుంచి లాగేసి, మళ్లీ దూర్చేటప్పుడు పళ్లను ఒకటి రెండు అటూ ఇటుగా ఎక్కించడం చాలాచోట్ల జరిగే పొరపాటు. రెండుసార్లు విప్పిన షాఫ్ట్ కాబట్టి నాకు ఆ అనుమానం ఉంది. షాఫ్ట్‌ను చదునైన బల్ల మీద పెట్టి ఒక కొస నుంచి కన్ను సారించి చూస్తే చెవుల వరస తప్పిందో లేదో తెలిసిపోతుంది. కొన్ని షాఫ్ట్‌లలో తయారీదారే కావాలని తేడా పెడతాడు. వాటి మీద బాణం గుర్తులుంటాయి, అవి కలవాలి.

మొదటి షరతుకు కోణం కొలిచే పరికరం కావాలి. అంచు చదునుగా ఉండే డిజిటల్ మీటరు మంచిది. బండి తన చక్రాల మీదే, మామూలుగా ఉండే బరువుతో, చదునైన నేల మీద ఉండాలి. జాకీ మీద లేపి కొలిస్తే యాక్సిల్ వేలాడి అంకెలన్నీ తప్పుతాయి. ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక ఫ్లాంజ్ వాలు, షాఫ్ట్ గొట్టం వాలు, పినియన్ వాలు, ఈ మూడూ రాసుకోండి. జాయింటు కోణమంటే పక్కపక్క వాలుల మధ్య తేడా.

మీ బండి అంకెలు నాకు తెలియవు కాబట్టి ఒక లెక్క వేసి చూపిస్తాను. షాఫ్ట్ పొడవు 800 మిల్లీమీటర్లు అనుకుందాం. బండిని 75 మిల్లీమీటర్లు లేపితే షాఫ్ట్ వాలు ఐదు డిగ్రీలకు పైగా పెరుగుతుంది. పొట్టి షాఫ్ట్ ఉన్న బళ్లకు లిఫ్ట్ ఎక్కువ నొప్పి ఎందుకో ఇక్కడే తెలుస్తుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక్కి 3 డిగ్రీలు వాలి ఉంది, షాఫ్ట్ వాలు 13కి చేరింది. ముందు జాయింటు వంపు 10. పినియన్ కూడా 3 దగ్గరే ఉంటే వెనకా 10, సమానమే. కానీ వెనక వైపు షాకిల్ పొడుగైతే కట్ట వెనక కొస ఫ్రేముకు దూరంగా దిగి, యాక్సిల్ తిరిగి, పినియన్ ముక్కు పైకి లేస్తుంది. మూడు డిగ్రీలు లేచిందనుకోండి, పినియన్ వాలు 6, వెనక జాయింటు వంపు 7. పదికీ ఏడుకూ పొత్తు కుదరలేదు. ఇక పెడల్ తొక్కితే కమాన్ కట్టలు మెలిపడి ముక్కు ఇంకా లేస్తుంది, తేడా ఇంకా పెరుగుతుంది, గుయ్యిమంటుంది. వదిలేస్తే ముక్కు దిగుతుంది, వణుకు తగ్గుతుంది. మీరు రాసిన లక్షణాలు ఈ లెక్కలో ఒదిగినట్టు నాకు కనిపిస్తున్నాయి. మీటరు పెట్టి తేల్చుకోండి.

రెండు వంపుల మధ్య తేడా ఒక డిగ్రీ లోపు ఉండాలి. వంపు కూడా హద్దు దాటకూడదు. మామూలు క్రాస్‌కి నిమిషానికి 3,000 చుట్ల దగ్గర ఆరు డిగ్రీల లోపు, 2,000 దగ్గర దాదాపు తొమ్మిది, 1,500 దగ్గర పదకొండు దాకా అని సాధారణంగా పెట్టుకునే లెక్క. ఎందుకంటే రెండు వంపులూ సమానమైనా, మధ్యలో ఉన్న షాఫ్ట్ గొట్టం మాత్రం చుట్టుకు రెండుసార్లు ఉరుకుతూ ఆగుతూనే ఉంటుంది. వంపు బొత్తిగా సున్నా అయినా నష్టమే. సూదులు కదలక ఒకేచోట నొక్కుకుని గాడులు పడతాయి. కనీసం అర డిగ్రీ, ఒక డిగ్రీ వంపు ఉండాలి.

మరి ఏం చేయాలి? కట్టకూ యాక్సిల్‌కూ మధ్య ఏటవాలు షిమ్ములు (ఒక వైపు మందంగా ఉండే బిళ్లలు) పెట్టి ముక్కును కిందికి దించడం అందరూ ముందు చెప్పే మార్గం. నేను పైన వేసిన లెక్కలో అలా చేస్తే 10కి 10 వస్తుంది. తేడా పోతుంది కానీ 2,400 చుట్ల దగ్గర 10 డిగ్రీలు ఎక్కువే, క్రాస్‌లు మళ్లీ త్వరగా పోతాయి. నేనైతే ముందు ట్రాన్స్‌ఫర్ కేస్ కింది అడ్డకమ్మీని స్పేసర్లతో 25 మిల్లీమీటర్లు దించి చూస్తాను. షాఫ్ట్ వాలు 11కి దగ్గరగా వస్తుంది, ట్రాన్స్‌ఫర్ కేస్ వాలు 5 అయిందనుకుంటే ముందు వంపు 6, పినియన్ 6లో ఉంది కాబట్టి వెనక 5. షిమ్ము అక్కర్లేకుండానే రెండూ దారికొచ్చాయి. మీ బండిలో అంకెలు వేరుగా ఉండొచ్చు, పద్ధతి మాత్రం ఇదే. దించాక రేడియేటర్ ఫ్యాను దాని తొడుగుకు తగులుతోందా, గేరు రాడ్లు, సైలెన్సర్ గొట్టం ఎక్కడైనా ఒరుసుకుంటున్నాయా చూడాలి. లిఫ్ట్‌ను ఒక అంగుళం తగ్గించడం కూడా మార్గమే. మూడంగుళాలూ నిజంగా అవసరమా అని ఒకసారి ఆలోచించండి.

అంత ఎత్తూ కావాల్సిందే అంటే ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు జంట క్రాస్‌ల షాఫ్ట్ వేయించుకోవాలి. డబుల్ కార్డన్ అంటారు. అందులో రెండు క్రాస్‌లూ ఒకదాని తప్పు ఒకటి అక్కడికక్కడే సరిచేసుకుంటాయి. దానికి పినియన్ అమరిక వేరు. ట్రాన్స్‌ఫర్ కేస్‌కు సమాంతరంగా ఉండకూడదు, ముక్కు నేరుగా షాఫ్ట్ వైపే చూడాలి. కమాన్ కట్టల బండికైతే ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉంచితే, పెడల్ తొక్కినప్పుడు లేచి వరసకొస్తుంది. ఈ సంగతి చూసుకోకుండా ఖరీదైన షాఫ్ట్ కొని, పాత పినియన్ కోణంలోనే బిగిస్తే వణుకు ఇంకా పెరుగుతుంది.

క్రాస్ మీరే మార్చుకుంటానన్నారు, తప్పకుండా చేయగలరు. విప్పకముందే షాఫ్ట్‌కీ ఫ్లాంజ్‌కీ, స్లిప్ రెండు భాగాలకూ కలిపి రంగుతో గీత గీయండి. స్లిప్ యోక్ నేరుగా ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకి దూరే రకమైతే లాగగానే ఆయిల్ కారుతుంది, కింద పళ్లెం పెట్టుకోండి. పట్టీలతో బిగించే రకంలో బోల్టులు తీయగానే కప్పులు ఊడి సూదులు రాలతాయి, వెంటనే టేపు చుట్టండి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచితే పని సగం తేలికవుతుంది. కప్పులు బయటికి రాకుండా ఆపే సర్‌క్లిప్పులు తీశాక బెంచ్ వైస్‌లో ఒక వైపు కప్పు కంటే చిన్న సాకెట్, అవతల కప్పు పట్టేంత పెద్ద సాకెట్ పెట్టి వైస్ బిగిస్తే కప్పు బయటికొస్తుంది. కొన్ని ఫ్యాక్టరీ షాఫ్ట్‌లలో సర్‌క్లిప్పుకు బదులు ప్లాస్టిక్ పోసి ఉంటారు, దాన్ని వేడి చేసి కరిగించాలి. ఏం చేసినా షాఫ్ట్ గొట్టాన్ని సుత్తితో కొట్టకండి, వైస్‌లో గొట్టాన్ని పట్టి నలపకండి. సొట్ట పడితే బ్యాలెన్స్ పోయినట్టే.

కొత్తది ఎక్కించేటప్పుడు అసలు గండం ఒక్క సూది. కప్పును లోపలికి నొక్కుతుంటే ఒక సూది పక్కకు వాలి కప్పు అడుగున అడ్డం పడుతుంది. అప్పుడు కప్పు చివరి రెండు మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది, సర్‌క్లిప్పు గాడిలో కూర్చోదు. మొదటిసారి చేసినప్పుడు నేను బలం చాలలేదనుకుని వైస్‌ను ఇంకో మెలిక తిప్పాను. కప్పు అడుగు పగిలింది. ఆ బిగువు చేతికి ఇప్పటికీ గుర్తుంది. మెత్తగా దిగుతున్నది ఒక్కసారిగా రాయిలా ఆగుతుంది. అలా ఆగితే వెనక్కి తీసి, సూదులన్నీ లెక్కపెట్టి, గ్రీజుతో గోడకు అంటించి మళ్లీ మొదలుపెట్టండి. నొక్కుతున్నంతసేపూ క్రాస్ కాలు కప్పులోనే ఉండేలా పట్టుకుంటే సూదులు వాలవు.

యోకు రంధ్రాలను వైరు బ్రష్‌తో శుభ్రం చేసుకోండి. కప్పు చేత్తో నెడితేనే జారిపోయేంత వదులైతే ఆ యోకు పనికిరాదు. సర్‌క్లిప్పులు నాలుగూ గాడిలో పూర్తిగా కూర్చున్నాయని స్క్రూడ్రైవర్ మొనతో తిప్పి చూడండి. జాయింటు బిరుసుగా ఉంటే యోకు చెవుల మీద ఇత్తడి సుత్తితో చిన్నగా తట్టండి. కప్పులు క్లిప్పు దాకా జరిగి, వదులవుతుంది. గ్రీజు నిపుల్ షాఫ్ట్ వైపు తిరిగి, గన్ను అందేలా ఉండాలి. బోల్టుల బిగింపు మాత్రం మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకెకే టార్క్ రెంచ్‌తో చేయండి. పట్టీలను అతిగా బిగిస్తే కప్పు గుండ్రం తప్పి సూదులు నలుగుతాయి.

గ్రీజు నంబర్ 2 రకం, ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే లిథియం గ్రీజు. నాలుగు కప్పుల సీళ్ల నుంచీ కొత్త గ్రీజు తొంగిచూసేదాకా గన్ను నొక్కండి. మూడింట్లో వచ్చి ఒకదాంట్లో రాకపోతే, షాఫ్ట్‌ను అటూ ఇటూ కదుపుతూ మళ్లీ కొట్టండి. నాలుగోది ఎండిపోయి మొదట పోయేది అదే. నీళ్లలో, బురదలో దిగి వచ్చిన ప్రతిసారీ కొట్టండి. నిపుల్ లేని సీలు క్రాస్‌లు గట్టివే కానీ నీళ్లలో ఎక్కువగా తిరిగేవారికి నిపుల్ ఉన్నవే మేలని నా నమ్మకం.

మీ ప్రయాణానికి నెల ఉంది, ఇదంతా చేయడానికి చాలు. వెళ్లేటప్పుడు ఒక జత క్రాస్‌లు, సర్‌క్లిప్పులు, పట్టీ బోల్టులు, ఆ రెండు సాకెట్లు వెంట పెట్టుకోండి. దారిలో వెనక క్రాస్ తెగితే వెనక షాఫ్ట్ పూర్తిగా విప్పేసి, ముందు హబ్‌లు లాక్ చేసి, ఫోర్ వీల్ డ్రైవ్‌లో పెడితే ముందు చక్రాల మీదే బండి కదులుతుంది. మీది ఎప్పుడూ నాలుగు చక్రాల మీదే నడిచే రకమైతే మధ్య డిఫరెన్షియల్‌ను కూడా లాక్ చేయాలి. స్లిప్ యోక్ తీసిన రంధ్రానికి గట్టి మూత కట్టకపోతే ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిలంతా పోతుంది. అలా నెమ్మదిగా రోడ్డు దాకా రావచ్చు. ఏటవాలులో మాత్రం చక్రాలకు అడ్డు పెట్టకుండా షాఫ్ట్ బోల్టుల మీద చెయ్యి వేయకండి.